కోటలోని సెయింట్ మేరీస్ చర్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో సెయింట్ జార్జి కోట లోపల ఉన్న సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లే తెలుగువాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు దాదాపు ఒకే రకం సందేహాలు అడుగుతుంటారు. ఎవరు కట్టారు, ఆ రాళ్లేమిటి, మన్రో దొర సమాధి ఇక్కడే ఉందట కదా, మనం లోపలికి వెళ్లొచ్చా. విడివిడిగా చెప్పిందే చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## వెళ్లే ముందు

ఈ చర్చి సరిగ్గా ఎక్కడుంది? కోటలోకి మామూలు జనాన్ని రానిస్తారా?

రానిస్తారు. సెయింట్ జార్జి కోటలో తమిళనాడు సచివాలయం, అసెంబ్లీ, సైన్యం భవనాలు ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట పెట్టుకోండి, బ్యాగులు వీలైనంత తక్కువగా తెచ్చుకోండి. లోపల పురావస్తు శాఖ వారి కోట మ్యూజియం ఉంది, అక్కణ్నుంచి చర్చికి నడిచి వెళ్లొచ్చు. రైల్లో వచ్చేవాళ్లకు చెన్నై ఫోర్ట్ స్టేషన్ దగ్గర. సెంట్రల్‌లో దిగితే ఆటో మాట్లాడుకోవడమే. అసెంబ్లీ సమావేశాలు జరిగే రోజుల్లో, ఆగస్టు 15 ముందు రోజుల్లో కట్టుదిట్టం ఎక్కువ, ఆ రోజులు తప్పించండి.

ఆర్మీనియన్ స్ట్రీట్‌లో ఉన్నది కూడా సెయింట్ మేరీసేనట. ఏది అసలుది?

మూడూ అసలువే. ఆర్మీనియన్ స్ట్రీట్‌లో ఉన్న సెయింట్ మేరీస్ కో-కెథెడ్రల్ రోమన్ క్యాథలిక్కులది. అదే వీధిలో ఆర్మీనియన్ల పాత చర్చి కూడా మరియమ్మ పేరుతోనే ఉంది. కోటలో ఉన్నది ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండు ప్రొటెస్టెంట్ సంఘంవారు కట్టుకున్నది. ఇవి చాలవన్నట్టు ఐలాండ్ మైదానం పక్కన సెయింట్ మేరీస్ స్మశానం ఒకటుంది. ఆటో ఎక్కేటప్పుడు "సెయింట్ మేరీస్" అని మాత్రమే చెబితే ఎక్కడో దింపుతారు. "కోట లోపల, సెక్రటేరియట్ దగ్గర" అని చెప్పండి.

ఇండియాలో అన్నిటికంటే పాత చర్చి ఇదేనా?

కాదు. చాలాచోట్ల అలా రాసేస్తున్నారు కానీ తప్పు. కేరళ సిరియన్ క్రైస్తవుల సంప్రదాయం ఎన్నో శతాబ్దాలు ముందుది. కొచ్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, చెన్నైలోనే పోర్చుగీసువారి లజ్ చర్చి 16వ శతాబ్దపు మొదళ్లలోనివి. సెయింట్ మేరీస్‌కు ఉన్న పేరు వేరు. ఇది ఇండియాలో నిలిచి ఉన్న ఆంగ్లికన్ చర్చిల్లో మొదటిది. 1680లో ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లీషువాళ్లు మన దేశంలో కట్టుకున్న భవనాల్లో ఇంత పాతది, ఇప్పటికీ కట్టిన పనికే వాడుకలో ఉన్నది మరొకటి దొరకడం కష్టం.

మేం క్రైస్తవులం కాదు. లోపలికి వెళ్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారా?

ఏమీ అనుకోరు. చెప్పులు విప్పాల్సిన పని లేదు. ఆరాధన జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చోండి, మధ్యలో లేచి తిరగకండి. బలిపీఠం ముందున్న కటకటాల లోపలికి మాత్రం అడుగు పెట్టొద్దు, అది పాస్టరుగారు సంస్కారం జరిపే చోటు. ఎవరైనా మోకరించి ప్రార్థన చేసుకుంటుంటే కెమెరా దించేయండి. మ్యూజియంలా కనిపించినా ఇది నడుస్తున్న గుడి.

ఎంతసేపు పడుతుంది?

చూసి వచ్చేయాలంటే అరగంట. రాళ్ల మీది రాతలు చదవాలన్న ఆసక్తి ఉంటే ఒక పూట.

## కట్టిన కథ

ఈస్టిండియా కంపెనీ కట్టించిందా?

కంపెనీ మనుషులు కట్టారు, కంపెనీ డబ్బుతో కాదు. ఈ తేడా తెలియకపోతే చర్చి స్వభావం అర్థం కాదు. కోట మొదలైంది 1640 ప్రాంతంలో. నలభై ఏళ్ల పాటు ఇంగ్లీషువాళ్లకు అక్కడ ప్రత్యేకంగా గుడి లేదు, కోట లోపలి భవనంలోనే ప్రార్థనలు జరుపుకునేవారు. అదే కోటలో పోర్చుగీసు క్యాథలిక్కులకు మాత్రం కపూచిన్ అనే క్యాథలిక్ సన్యాసులు నడిపే చర్చి ఉండేది. 1678లో మద్రాసు ఏజెంటుగా, అంటే అక్కడ కంపెనీకి పెద్దగా ఉన్న స్ట్రేన్‌షామ్ మాస్టర్ లండన్ డైరెక్టర్ల అనుమతి కోసం చూడకుండా చందాల పుస్తకం తెరిచాడు. తన వంతు వేసి, కోటలోని ఇంగ్లీషువాళ్ల దగ్గర వసూలు చేశాడు. మొత్తం 805 వరహాలు పోగయ్యాయి.

1678 మార్చి 25న పని మొదలైంది, 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. అందుకు లండన్ బిషప్పు దగ్గర్నుంచి అనుమతి పత్రం తెప్పించుకున్నారు. ఎందుకంటే అప్పటికి ఇండియాలో ఆంగ్లికన్ బిషప్పే లేడు. ప్రతిష్ఠ ముగిశాక దండు తుపాకులు, కోట ఫిరంగులు పేల్చి పండుగ చేశారు. మరుసటేడాది, అంటే 1681లో, మాస్టర్‌ని కంపెనీ ఉద్యోగం నుంచి తీసేసింది. అతను కట్టించిన గుడి మాత్రం ఆ కంపెనీ కంటే ఎక్కువ కాలం బతికింది.

ఆర్కిటెక్ట్ ఎవరు? గూగుల్‌లో ఒక్కోచోట ఒక్కో పేరు కనిపిస్తోంది.

నిజమే, రెండు పేర్లు తిరుగుతున్నాయి. ఎక్కువగా వినిపించేది విలియం డిక్సన్ పేరు. కొన్ని చరిత్ర పుస్తకాలు ఎడ్వర్డ్ ఫౌల్ పేరు చెబుతాయి. ఎవరి పేరు తీసుకున్నా ఒక విషయంలో అందరూ ఏకీభవిస్తారు. గీసినవాడు చదువుకున్న శిల్పి కాదు, కోట ఫిరంగుల దళంలో పెద్ద, అంటే మాస్టర్ గన్నర్.

నన్నడిగితే ఈ చర్చిని అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి. లండన్‌లో అవే సంవత్సరాల్లో క్రిస్టఫర్ రెన్ అనే మహా శిల్పి 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయిన చర్చిలను ఒక్కొక్కటిగా తిరిగి కడుతున్నాడు. మద్రాసులో అలాంటి మనిషి లేడు. ఉన్నవాడికి తెలిసింది మందుగుండు గదులు, బురుజులు, ఫిరంగి గుండు ఎక్కడ తగిలితే గోడ ఎలా పగులుతుంది అన్న లెక్క. ఆ లెక్కతోనే గుడి కట్టాడు. అందుకే బయటి నుంచి చూస్తే అలంకారం తక్కువ, దిట్టం ఎక్కువ. పెద్ద శిల్పి చేయి పడలేదని కొందరు చప్పరిస్తారు. నాకు మాత్రం ఆ మోటు నిజాయితీయే నచ్చుతుంది. చేతిలో ఉన్న విద్యని దేవుడి పనికి పెట్టిన మనిషి కనిపిస్తాడు.

పైకప్పు బాంబులకు కూడా తట్టుకుంటుందంటారు. నిజమేనా, గైడ్లు చెప్పే కథేనా?

నిజమే. లోపల నిలబడి తల పైకెత్తండి. పీపాని నిలువునా రెండుగా చీల్చి బోర్లించినట్టు మూడు పొడవాటి కమాన్లు పక్కపక్కన సాగుతాయి. కప్పు మందం రెండు అడుగులు, పక్క గోడల మందం నాలుగు అడుగులు, అంతా ఇటుక, సున్నం. సమతలంగా ఉన్న కప్పు మీద ఫిరంగి గుండు పడితే నేరుగా చీల్చుకుని దిగుతుంది. వంపు కప్పు మీద పడితే జారిపోయే అవకాశం ఎక్కువ, పడిన బరువు కూడా కమాను వెంట పక్క గోడల్లోకి దిగిపోతుంది. ఆ నెట్టుడుకి ఆగాలనే గోడలు అంత మందం.

ఇంకో విశేషం, ఈ కప్పులో దూలాలు, వాసాలు లేవు. మంట అంటుకోదు, చెద పట్టదు, తుపానుకి ఎగిరిపోదు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఊరికి ఈ చివరిది చిన్న విషయం కాదు. లోపల కొయ్య పని ప్రధానంగా కనిపించేది పడమటి వైపు వసారా మేడలో, అది చెక్కుడు పని చేసిన బర్మా టేకు.

గంటల గోపురం కూడా అప్పటిదేనా?

కాదు, గోపురం 1701లో, దాని మీది మొన 1710లో వచ్చాయి. ఇప్పుడు కనిపించే మొనని 1795 ప్రాంతంలో కర్నల్ జెంట్ అనే ఇంజనీరు తిరిగి కట్టాడు. తూర్పున బలిపీఠం ఉన్న భాగాన్ని 1884లో పొడిగించారు. కాబట్టి మధ్యలో ఉన్న మందపాటి గోడలు, కమాన్ల కప్పు 17వ శతాబ్దానివి, రెండు కొసలూ తర్వాతి కాలానివి. బయట పక్కన నిలబడి చూస్తే నున్నగా సాగిన మొన, కింద బరువుగా కూర్చున్న గుడి రెండు వేర్వేరు చేతుల పని అని ఇట్టే తెలిసిపోతుంది.

ఫ్రెంచివాళ్ల యుద్ధాల్లో దీనికేమైంది?

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసుని పట్టుకుని 1749 వరకు తమ చేతిలో ఉంచుకున్నారు. తర్వాత 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ కోటని చుట్టుముట్టి 1759 ఫిబ్రవరి దాకా ఫిరంగులతో కొట్టాడు. ఆ రోజుల్లో కోటలో గట్టి కప్పున్న భవనం ఇదే కాబట్టి ఆరాధన పక్కకు పోయి మనుషులకు, సరుకులకు ఆశ్రయమైంది. దెబ్బలు తింది కానీ కప్పు నిలిచింది. ఫిరంగుల మనిషి వేసిన అంచనా ఎనభై ఏళ్ల తర్వాత ఫిరంగుల ముందే రుజువైంది.

ఆంగ్లికన్లు ప్రొటెస్టెంట్లు కదా, మరి మరియమ్మ పేరు ఎందుకు పెట్టారు?

పని మొదలైన మార్చి 25 వల్ల. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన రోజుగా క్రైస్తవ క్యాలెండరులో అది పండుగ. ఆంగ్లికన్లు మతసంస్కరణలో రోమ్ నుంచి విడిపోయిన తర్వాత కూడా పాత పండుగలు, పరిశుద్ధుల పేర్లు వదల్లేదు. ఇంగ్లండులో మరియమ్మ పేరున్న పారిష్ చర్చిలు ఊరూరా ఉన్నాయి.

## లోపల చూడాల్సినవి

బలిపీఠం మీదున్న పటం రఫేల్ వేసిందా?

రఫేల్ వేశాడని అనలేం. యేసు శిష్యులతో కలిసి చేసిన చివరి రాత్రి భోజనం ఆ బొమ్మలో ఉంది. వేసినవారి పేరు లేదు. రఫేల్ శైలి చిత్రకారుల పని అనీ, 1761లో పాండిచ్చేరి ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కినప్పుడు అక్కణ్నుంచి తెచ్చారనీ చెబుతారు. ఎవరి చేతి పనైనా తీరిగ్గా నిలబడి చూడదగ్గ బొమ్మ.

యేల్ యూనివర్సిటీకి, ఈ చర్చికి ఏంటి సంబంధం? అమెరికా నుంచి వచ్చే బంధువులు ఇదే అడుగుతున్నారు.

ఎలైహు యేల్ 1672లో కంపెనీ గుమాస్తాగా మద్రాసు వచ్చాడు. చర్చి ప్రతిష్ఠ జరిగిన వారం రోజులకే, 1680 నవంబరు 4న, ఇక్కడ కేథరిన్ హిన్మర్స్ అనే వితంతువుని పెళ్లి చేసుకున్నాడు. ఈ చర్చిలో జరిగిన మొదటి పెళ్లి అదే. 1687లో మద్రాసు పెద్ద పదవికి ఎక్కాడు. సొంత వ్యాపారం, అవినీతి ఆరోపణల మీద 1692లో పదవి పోయింది, కూడబెట్టిన ఆస్తి మాత్రం దండిగా మిగిలింది. 1718లో అమెరికాలోని ఒక చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజు చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. ఆ కాలేజీ అతని పేరు పెట్టుకుంది.

ఇంకో ముఖం కూడా చెప్పాలి. ఆ కాలంలో మద్రాసు రేవు నుంచి కంపెనీ ఓడల్లో బానిసల్ని పంపారు, ఆ పాలనలో యేల్ పెద్ద. బానిసత్వంతో తన చరిత్రకున్న సంబంధానికి యేల్ యూనివర్సిటీ 2024లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. పిల్లలకు చూపించేటప్పుడు పెళ్లి కథతో ఆపేయకండి, ఇది కూడా చెప్పండి.

రాబర్ట్ క్లైవ్ పెళ్లి కూడా ఇక్కడేనా?

అవును, 1753 ఫిబ్రవరి 18న మార్గరెట్ మాస్కెలిన్‌తో జరిగింది. ఆర్కాటు ముట్టడిలో పేరు తెచ్చుకున్న రోజులవి, ప్లాసీ యుద్ధం ఇంకా నాలుగేళ్ల దూరంలో ఉంది. మార్గరెట్ అన్న నెవిల్ తర్వాత ఇంగ్లండు రాజ ఖగోళ శాస్త్రవేత్త అయ్యాడు. క్లైవ్ ఉన్న ఇల్లు కూడా కోటలోనే ఉంది.

బాప్తిస్మం తొట్టి చూడమని అందరూ అంటున్నారు. అందులో ఏముంది ప్రత్యేకం?

రాయి. పల్లావరం కొండల నల్లరాయిని నున్నగా చెక్కి చేశారు, పైన కొయ్య మూత ఉంటుంది. కలకత్తాకి పునాది వేసిన జాబ్ చార్నాక్ ముగ్గురు కూతుళ్లకు, మేరీ, ఎలిజబెత్, కేథరిన్‌లకు 1689 ఆగస్టులో ఈ చర్చిలోనే బాప్తిస్మం అయింది. బెంగాల్లో మొగలు అధికారులతో పోరు చెడి ఇంగ్లీషువాళ్లు మద్రాసు చేరిన సంవత్సరమది. మరుసటి ఏడాదే చార్నాక్ వెనక్కి వెళ్లి కలకత్తా మొదలుపెట్టాడు.

దీనికో కొసమెరుపు ఉంది. చార్నాక్ చనిపోయాక కలకత్తాలో అతని సమాధికి వేసిన పలక కూడా మద్రాసు వైపు నుంచి వెళ్లిన నల్లరాయే. 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాతి జాతికి చార్నాక్ పేరు మీదుగా చార్నోకైట్ అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న రాయి ఇదే. జియాలజీ చదివే పిల్లలుంటే వాళ్లకి తొట్టి ముందు ఐదు నిమిషాలు ఇవ్వండి.

గోడల మీద పాలరాతి బొమ్మలు చాలా ఉన్నాయి. అన్నీ చూడలేం, ఏవి చూడాలి?

రెండు చాలు. తంజావూరులో పనిచేసి 1798లో కన్నుమూసిన మిషనరీ ష్వార్ట్జ్ జ్ఞాపకార్థం కంపెనీ పెట్టించినది ఒకటి, చెక్కింది జాన్ బేకన్ కొడుకు. రెండోది మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన జోసయ్య వెబ్‌ది, చెక్కింది జాన్ ఫ్లాక్స్‌మన్. ఇద్దరూ అప్పటి ఇంగ్లండులో పేరున్న శిల్పులు. ముఖాల కంటే గుడ్డ మడతలు చెక్కిన తీరు దగ్గరగా చూడండి.

## సమాధులు, రాళ్లు

బయట నేలంతా సమాధి రాళ్లే. వాటి కింద మనుషులున్నారా? తొక్కొచ్చా?

ఆవరణలో పరిచిన రాళ్లలో చాలావాటి కింద ఎవరూ లేరు. అసలు స్మశానం కోట బయట, ఇప్పుడు హైకోర్టు, పాత లా కాలేజీ ఉన్న వైపు ఉండేది. అక్కడ పెద్ద పెద్ద సమాధులు కట్టారు. లాలీ ముట్టడిలో ఫ్రెంచి సైనికులు ఆ సమాధుల చాటున దాక్కుని కోట మీద కాల్పులు జరిపారు. ముట్టడి ముగిశాక ఇంగ్లీషువాళ్లు, ఇంకోసారి శత్రువుకి ఆ అవకాశం ఇవ్వకూడదని, సమాధుల్ని పడగొట్టి రాతి పలకల్ని మాత్రం చర్చి చుట్టూ తెచ్చి పరిచారు. హైదరాలీ భయం ఉన్న రోజుల్లో వాటిలో కొన్నిటిని ఫిరంగుల కింద అరుగులుగా కూడా వాడారు, తర్వాత మళ్లీ తెచ్చి వేశారు. పాత చోట రెండే మిగిలాయి. యేల్ చిన్న కొడుకు డేవిడ్‌ది, కేథరిన్ మొదటి భర్త జోసెఫ్ హిన్మర్స్‌ది.

దారి వాటి మీదుగానే ఉంది కాబట్టి నడవక తప్పదు. అక్షరాలున్న చోట మాత్రం పక్కనుంచి వెళ్లండి. మూడున్నర శతాబ్దాల ఎండావానకి అవి ఇప్పటికే పలచబడ్డాయి.

చర్చి 1680 నాటిది, కానీ ఒక రాయి మీద 1652 అని ఉంది. ఎలా?

ఆ రాయి ఎలిజబెత్ బేకర్‌ది. మద్రాసుకి మొదటి ప్రెసిడెంటుగా వచ్చిన ఏరన్ బేకర్ భార్య. పాత స్మశానం నుంచి తెచ్చిన పలక కాబట్టి గుడి కంటే ముందు తేదీ ఉంది. ఇండియాలో మిగిలిన ఇంగ్లీషువారి సమాధి శాసనాల్లో ఇదే పాతదంటారు. రాత లాటిన్‌లో ఉంటుంది. చుట్టూ ఇంగ్లీషు, పోర్చుగీసు రాతలు కూడా కనిపిస్తాయి. వంశ చిహ్నాలు, కింద పుర్రె, అడ్డంగా రెండు ఎముకలు చెక్కిన పలకలు చాలా ఉన్నాయి. పుర్రె బొమ్మ చూసి పిల్లలు భయపడతారు. మనిషి ఎంతటివాడైనా పోక తప్పదని గుర్తుచేయడానికి అప్పట్లో అలా చెక్కించేవారు.

మన్రో దొర పత్తికొండలో చనిపోయాడని విన్నాం. మరి సమాధి ఇక్కడెలా ఉంది?

రెండూ నిజమే. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలానికి, అంటే ఇప్పటి రాయలసీమ, బళ్లారి ప్రాంతానికి కలెక్టరు. ఊరూరా గుడారం వేసుకుని పొలాలు కొలిపించి, జమీందారుని మధ్యలో పెట్టకుండా రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని అక్కడ స్థిరపరిచాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో ఇంగ్లండు వెళ్లిపోయే ముందు తను పనిచేసిన సీమను ఒకసారి చూడాలని బయల్దేరి, జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

మొదట గుత్తి కోట కింద ఇంగ్లీషువారి స్మశానంలో ఖననం చేశారు. 1831లో అవశేషాలు తీసి మద్రాసు తెచ్చి ఈ చర్చిలో ఉంచారు. పత్తికొండలో ఆయన పేరు మీద ప్రభుత్వం మెట్ల బావి తవ్వించి తోపు వేయించింది. కోటకి వచ్చే దారిలో ఐలాండ్ మైదానం దగ్గర గుర్రం మీదున్న విగ్రహం ఆయనదే. శిల్పి చాంట్రే చేసిన ఆ గుర్రానికి జీను, రికాబులు ఉండవు.

సీమలో మన్రో మీద ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు, కొందరు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. పరాయి పాలన వసూలు చేసిన శిస్తే అది, తేలికేమీ కాదు. అయినా పొలం గట్టు మీద నిలబడి రైతు మాట విన్న అధికారిని ఆ నేల మరిచిపోలేదు. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ పలక దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. ఆగడం న్యాయమే.

పేరు లేని సమాధి ఒకటుందట?

ఉంది, లార్డ్ పిగట్‌ది. రెండోసారి మద్రాసు గవర్నరుగా వచ్చి, తంజావూరు రాజ్యాన్ని రాజుకి తిరిగి ఇప్పించే విషయంలో తన కౌన్సిలుతోనే గొడవపడ్డాడు. కౌన్సిలు సభ్యులు 1776లో గవర్నరునే బంధించారు. 1777లో నిర్బంధంలోనే చనిపోయాడు. చర్చిలో పెట్టిన రాయి మీద "జ్ఞాపకార్థం" అన్న అర్థం వచ్చే లాటిన్ మాట తప్ప ఇంకేమీ లేదు.

## సంఘ జీవితం

ఆ రోజుల్లో ఇక్కడికి ఆరాధనకి ఎవరు వచ్చేవారు? మనవాళ్లుండేవారా?

ఇది కంపెనీ ఉద్యోగుల, సైనికుల, వాళ్ల కుటుంబాల చర్చి. గవర్నరు, కౌన్సిలు సభ్యులు హోదా ప్రకారం ముందు వరసల్లో, సైనికులు వెనక. ఇక్కడివాళ్లు పల్లకీ మోసి గుమ్మం దాకా వచ్చారే కానీ చాలాకాలం ఈ బెంచీల్లో వాళ్లకి చోటు లేదు. దాన్ని దాచనవసరం లేదు. ఇంగ్లీషు సైనికులు పోర్చుగీసు, స్థానిక స్త్రీలను పెళ్లి చేసుకున్నాక పుట్టిన పిల్లలతో సంఘం మారుతూ వచ్చింది. ఆంగ్లో ఇండియన్ కుటుంబాల తొలి పేర్లు ఎన్నో ఈ రిజిస్టర్లలో దొరుకుతాయి.

ప్రార్థనలు కాకుండా ఈ సంఘం ఊరికి ఏం చేసింది?

పేదల్ని, అనాథల్ని చూసుకుంది. యేల్, క్లైవ్ పెళ్లిళ్ల కంటే నాకు ముఖ్యమనిపించేది ఇదే, పర్యాటకుల పుస్తకాల్లో తక్కువగా కనిపించేదీ ఇదే. కానుకలు, వీలునామాల ద్వారా వచ్చిన డబ్బుని సంఘ పెద్దల కమిటీ, అంటే వెస్ట్రీ, వడ్డీకి తిప్పి ఆ రాబడితో వితంతువులకు, దిక్కులేని పిల్లలకు సాయం చేసేది. జ్వరాలకు, యుద్ధాలకు మనుషులు టపటపా రాలిపోయే ఊళ్లో ఇది చిన్న బాధ్యత కాదు.

1715లో చాప్లిన్, అంటే కంపెనీ పాస్టరు, విలియం స్టీవెన్సన్ పూనుకుని పేద పిల్లల కోసం సెయింట్ మేరీస్ ధర్మ పాఠశాల మొదలుపెట్టాడు. అది తర్వాత అనాథ పిల్లల ఆశ్రమాలతో కలిసింది. ఇప్పుడు పూనమల్లి హైరోడ్డు మీదున్న సెయింట్ జార్జి ఆంగ్లో ఇండియన్ స్కూలు తన పుట్టుకని ఆ 1715లోనే చూపుకుంటుంది. ఒక గుడి వరండాలో మొదలైన ఆలోచన మూడు వందల ఏళ్లు దాటి నడుస్తోంది.

ఇప్పుడు ఇది ఆంగ్లికన్ చర్చేనా, సి.ఎస్.ఐ. చర్చా?

సి.ఎస్.ఐ., మద్రాసు డయోసిస్, అంటే మద్రాసు బిషప్పు పరిధిలోది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయ్యాయి. సెయింట్ మేరీస్ కూడా అందులోకి వచ్చింది. ఆరాధన క్రమంలో పాత ఆంగ్లికన్ పద్ధతి ఛాయలు ఇంకా కనిపిస్తాయి. మన దగ్గర నంద్యాల ఆంగ్లికన్లు మాత్రం 1947లో పూర్తిగా కలవలేదు, 1975లో కలిశారు. అందుకే పాత తరం నంద్యాలవాళ్లు "మేం ఆంగ్లికన్లం" అని ప్రత్యేకంగా చెప్పుకోవడం వినే ఉంటారు.

ఆదివారం ఆరాధన జరుగుతుందా? తెలుగులో ఉంటుందా?

జరుగుతుంది, ఇంగ్లీషులో. కోట లోపల ఇప్పుడు ఆఫీసులు, సైనిక భవనాలే కానీ ఊరు లేదు కాబట్టి విశ్వాసులు నగరంలోని వేర్వేరు చోట్ల నుంచి వస్తారు. తెలుగులో ఆరాధించాలంటే చెన్నైలో తెలుగు సంఘాలు వేరే ఉన్నాయి. వేళ ముందే కనుక్కుని వెళ్లండి, క్రిస్మస్, ఈస్టర్ రోజుల్లో మారుతుంది.

ఇదంతా ఇంగ్లీషువాళ్ల కథ. తెలుగువాళ్లు ఎందుకు పట్టించుకోవాలి?

ఈ నేల పత్రం మొదలు మనవాళ్ల పేర్లతోనే ఉంది కాబట్టి. నెల్లూరు తీరంలోని దుర్గరాజపట్నం అచ్చిరాక ఇంగ్లీషువాళ్లు వేరే చోటు వెతుక్కుంటుంటే 1639లో ఇక్కడ నేల ఇచ్చింది దామెర్ల నాయకులు, ఆ కుటుంబపు చెన్నప్ప పేరే చెన్నపట్నం అయింది. చర్చి గోడలు లేస్తున్న సంవత్సరాల్లో కంపెనీకి ప్రధాన వర్తకుడు కాశీ వీరన్న. చందాలు పోగుచేసిన మాస్టర్ 1679లో మచిలీపట్నం వెళ్లి అక్కడి కంపెనీ గిడ్డంగుల లెక్కలు తనిఖీ చేసి వచ్చాడు. ఆంధ్ర తీరంలో నేసిన గుడ్డే కంపెనీ రాబడిలో పెద్ద వాటా. ఆ రాబడిలోంచి జీతాలు, ఆ జీతాల్లోంచి చందాలు. ఈ గోడల్లో కృష్ణా గోదావరి తీరాల నేతగాళ్ల చెమట కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

మన రాష్ట్రాల్లో ఇలా చూడదగ్గ పాత చర్చిలేమున్నాయి?

ఆంగ్లికన్ వారసత్వమే కావాలంటే డోర్నకల్ వెళ్లండి. ఇండియా నుంచి మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య కట్టించిన కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిపి కట్టారు. ఇంగ్లీషు గన్నర్ తన అలవాటులోంచి కడితే, అజరయ్య ఇక్కడి జనం కళ్లకు అలవాటైన రూపంలోంచి కట్టించాడు. రెండూ చూసినవాళ్లకు ఆ దూరం తెలుస్తుంది. 1924 నాటి మెదక్ కెథెడ్రల్ గొప్పదే, కాకపోతే అది మెథడిస్టుల నిర్మాణం.

మా తాతల కాలంలో బాప్తిస్మం, పెళ్లి రికార్డులు ఇక్కడ దొరుకుతాయా?

ఈ చర్చిలో జరిగినవైతేనే ఇక్కడి రిజిస్టర్లలో ఉంటాయి. గుంటూరులోనో కడపలోనో జరిగిన పెళ్లి రాత ఆ ఊరి చర్చిలో, ఆ డయోసిస్ ఆఫీసులో వెతకాలి. బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కి పంపేవారు. అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో కూడా వెతకొచ్చు. కోస్తా, రాయలసీమ అప్పుడు అదే ప్రెసిడెన్సీ. ఇంటిపేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందు ఒక కాగితం మీద రాసుకుని వెతకడం మొదలుపెట్టండి.

రాళ్ల మీది రాతలు అరిగిపోయాయి. సుద్ద రాసి ఫోటో తీయొచ్చా?

వద్దు. సుద్ద, పిండి, నీళ్లు, బ్రష్ ఏవీ వాడొద్దు. రాసినప్పుడల్లా అక్షరం అంచు ఇంకాస్త రాలుతుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడితే మధ్యాహ్నం కనిపించని అక్షరాలు నీడతో లేచి కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజైతే ఫోన్ టార్చిని రాయికి దగ్గరగా, పక్కనుంచి పట్టుకోమని తోడు వచ్చినవాళ్లకి చెప్పి, మీరు పైనుంచి ఫోటో తీయండి. కోటలో సైనిక భవనాల వైపు కెమెరా తిప్పకండి, గుడి లోపల ఫోటోలకు అక్కడున్నవారిని అడిగి తీసుకోండి.